ఆ రాత్రి నిజంగా ఏం విన్నాం?

అభిమాన రాక్ బ్యాండును కళ్లెదుట చూసివచ్చిన వారిని ఆ రాత్రి గురించి అడిగితే, ముందుగా పాటల సంగతి ఎత్తేవారు నాకు చాలా తక్కువగా తగిలారు. ఎవరి పక్కన నిలబడ్డారో, గేట్లు తెరిచేదాకా ఎంతసేపు పడిగాపులు పడ్డారో, గిటారిస్టు ఏ పాట మధ్యలో తమ వైపు తిరిగి నవ్వాడో, బయటికి వచ్చేసరికి వాతావరణం ఎలా ఉందో పూసగుచ్చినట్టు చెబుతారు. ఇంతకీ పాటలు ఎలా వాయించారని గట్టిగా అడిగితే మాత్రం "అద్భుతం" అని ఊరుకుంటారు. అలాగని వారు శ్రద్ధగా వినలేదని నేను అనుకోను. కచేరీలో చెవిన పడిన సంగీతాన్ని మనసు ఎక్కువ కాలం విడిగా దాచుకోలేదు. ఆ తర్వాత వందసార్లు విన్న రికార్డూ, చూసిన వీడియోలూ వచ్చి ఆ చోట కూర్చుంటాయి. రికార్డుకు ఎక్కనిదేదో అదే మనకు సొంతంగా మిగులుతుంది.

దీనికి బీటిల్స్ అభిమానుల కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో ఆ నలుగురూ వాయించినప్పుడు 55,600 మంది వచ్చారు. అంత జనానికి వినిపించడానికి వారి దగ్గర ఉన్నవి వంద వాట్ల వోక్స్ ఆంప్లిఫయర్లు, స్టేడియంలో ప్రకటనల కోసం అమర్చిన స్పీకర్లు. కేకల హోరులో వేదిక మీది వారికే తమ పాట వినబడలేదు. ఆ రోజుల్లో ముందున్న ముగ్గురి ఒళ్లు ఎలా ఊగుతున్నదో వెనక నుంచి చూసి, పాట ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకునేవాడినని డ్రమ్మర్ రింగో స్టార్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. వాయించేవాడి పరిస్థితే అలా ఉంటే, గ్యాలరీలో కూర్చున్న వారికి ఏం వినబడి ఉంటుంది? అయినా ఆ కచేరీ మీద తీసిన టీవీ చిత్రంలో పాటలు చక్కగానే వినిపిస్తాయి. అందుకు కారణం ఉంది. 1966 జనవరిలో బ్యాండు లండన్‌లోని ఒక స్టూడియోలో కూర్చుని కొన్ని భాగాలను మళ్లీ వాయించి అతికించింది. ఒక పాటకైతే అంతకుముందే విడుదలైన రికార్డునే పెట్టేశారు. అంటే ఆ సినిమా చూసి "ఆ రోజు నేను విన్నది ఇదే" అని మురిసిపోయే ప్రేక్షకుడు, తాను అక్కడ ఉన్నప్పుడు పుట్టని శబ్దాన్ని కూడా తన జ్ఞాపకంలో కలుపుకుంటున్నాడన్నమాట. కేకలు మాత్రం నూటికి నూరుపాళ్లూ అతనివే.

మరుసటి ఏడాది ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో వారు టికెట్లు పెట్టి ఇచ్చిన చివరి కచేరీ జరిగింది. ఇదే ఆఖరిదని ప్రేక్షకులకు ఎవరూ చెప్పలేదు. ప్రచార వ్యవహారాలు చూసే టోనీ బారో, బ్యాండు సభ్యుడు పాల్ మెకార్ట్నీ కోరిక మీద, ఒక చిన్న క్యాసెట్ రికార్డరును చేత పట్టుకుని మైదానంలో నిలబడ్డాడు. క్యాసెట్టులో ఒక వైపు అరగంటే పట్టేది. చివరి పాట మధ్యలో టేపు అయిపోయింది. ఆ పాట పూర్తిగా విన్నవారు ఆ సాయంత్రం అక్కడ ఉన్నవారే.

అసలు అక్కడ ఉన్నామా లేదా అన్నదే తేలని సందర్భాలు కూడా రాక్ చరిత్రలో తక్కువేమీ కావు. 1976 జూన్ 4న ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాలులో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బ్యాండు వాయించినప్పుడు హాజరైనవారు నలభై మంది ప్రాంతంలోనే ఉంటారని సాధారణంగా చెబుతారు. తర్వాతి రోజుల్లో "నేనూ ఉన్నాను" అన్నవారందరినీ కూడితే ఆ హాలు చాలదు. నిజంగా ఉన్నవారిలో పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ తర్వాత జాయ్ డివిజన్ బ్యాండులో సభ్యులయ్యారు. కచేరీ అయిన మర్నాడే బేస్ గిటారు కొన్నానని హుక్ చెప్పుకున్నాడు. తర్వాత ది స్మిత్స్ బ్యాండు గాయకుడైన మోరిస్సీ, అప్పటికి పదిహేడేళ్ల కుర్రవాడు, అదే నెలలో ఒక సంగీత పత్రికకు దీని గురించి ఉత్తరం రాశాడు, అది అచ్చయింది కూడా. ఎన్నో ఏళ్ల తర్వాత మైకు ముందు చెప్పిన జ్ఞాపకాల కన్నా అలాంటి ఉత్తరం ముక్క నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. అయితే, లేనివాడు ఉన్నానని చెప్పుకోవడాన్ని నేను మరీ పెద్ద అబద్ధంగా కూడా చూడను. జూలై 20న అదే హాలులో అదే బ్యాండు మళ్లీ వాయించింది. రెండోసారి వెళ్లిన మనిషి ఏళ్లు గడిచేకొద్దీ మొదటిసారి వెళ్లినట్టు నమ్మడం మొదలుపెడితే ఆశ్చర్యం ఏముంది?

ఆ భవనంలోనే, దానికి పదేళ్ల ముందు, పెద్ద హాలులో ఇంకొక గందరగోళం మొదలైంది. 1966 మే 17న జానపద పాటల గాయకుడిగా పేరొచ్చిన బాబ్ డిలాన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని హాక్స్ బృందంతో వాయిస్తుండగా ప్రేక్షకుల్లోంచి ఒకరు "జూడాస్" (యేసును పట్టిచ్చిన శిష్యుడి పేరు, అంటే ద్రోహి) అని అరిచారు. ఆ కచేరీని రికార్డు చేసిన టేపు దొంగచాటుగా చేతులు మారినంత కాలమూ లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలు పేరుతోనే తిరిగింది. 1998లో అధికారికంగా విడుదల చేసినప్పుడు కూడా ఆ తప్పు పేరును కొటేషన్ గుర్తుల మధ్య అలాగే ఉంచేశారు. ఇక అరిచింది తానేనని దశాబ్దాల తర్వాత ముందుకు వచ్చినవారు ఒకరు కాదు, ఇద్దరు. టేపులో గొంతు స్పష్టంగా ఉంది, ఊరు తెలుసు, తేదీ తెలుసు, మనిషి ఎవరన్నది మాత్రం ఈనాటికీ వాదనే.

టేపుల మాట వచ్చింది కనుక గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బ్యాండు అభిమానుల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కచేరీ జ్ఞాపకం విషయంలో వారంత పనిమంతులు వేరే లేరు. ఎక్కువ బ్యాండ్లు రికార్డర్లను గేటు దగ్గరే లాక్కుంటున్న కాలంలో ఈ బ్యాండు వారు అభిమానులను రికార్డు చేసుకోనిచ్చారు. 1984 నుంచి, వేదిక మీది శబ్దాలను కలిపి సరిచేసే సౌండు బోర్డు వెనక వారికంటూ ప్రత్యేకంగా చోటు కూడా కేటాయించారు. మైకులను పొడవాటి స్టాండ్లకు బిగించి, తలల ఎత్తు దాటించి, అడవిలా నిలబెట్టేవారు. టేపులను అమ్మకూడదు, ఇచ్చిపుచ్చుకోవాలి అన్నది వారి కట్టుబాటు. ఇలాంటి టేపుల్లో రెండు రకాలు ఉన్నాయి. సౌండు బోర్డు నుంచి నేరుగా తీసింది ఒకటి: ప్రతి వాయిద్యమూ విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తుంది. ప్రేక్షకుల మధ్య మైకు పెట్టి తీసింది రెండోది: అందులో హాలు ప్రతిధ్వని ఉంటుంది, పక్కవాడి దగ్గు ఉంటుంది, పాట మొదటి రెండు స్వరాలకే అది ఏ పాటో పసిగట్టి ఈల వేసిన మనిషి ఉంటాడు, అతని వెనకే అర క్షణం ఆలస్యంగా గుర్తుపట్టి అరిచిన గుంపు ఉంటుంది. శబ్ద నాణ్యత కోసం అందరూ మొదటి రకాన్నే మెచ్చుకుంటారు. నాకు మాత్రం రెండోదే ఇష్టం. ఆ ఈల దగ్గర నుంచి ఆ కేక దాకా గడిచే అర క్షణమే కచేరీ అంటే. అది బోర్డు టేపులో దొరకదు.

ఈ బ్యాండు అభిమానులు నేటికీ చెప్పుకునే రాత్రి 1977 మే 8, కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాల్. బ్యాండు రికార్డింగ్ ఇంజనీరు బెటీ క్యాంటర్-జాక్సన్ తీసిన బోర్డు టేపు వల్ల ఆ రాత్రికి అంత పేరొచ్చింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ రికార్డింగును 2012లో జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది, 2017లో అది అధికారికంగా విడుదలైంది. లోపలి సంగీతం ఇప్పుడు ఎవరైనా వినవచ్చు కనుక, నిజంగా వెళ్లినవారు దాని గురించి పెద్దగా మాట్లాడరు. హాలు తలుపులు తెరుచుకునేసరికి మే నెలలో బయట మంచు కురుస్తూ ఉండడం గురించే చెబుతారు.

నా సంగతి చెప్పాలంటే, నేను చూసిన బ్యాండు పేరు ఇక్కడ రాయను. రాస్తే మాట వారి మీదికి మళ్లి అసలు విషయం పక్కకు పోతుంది. చాలా వెనక, మైదానం చివరికి దగ్గరగా చోటు దొరికింది. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్ల ప్రాంతంలో ప్రయాణిస్తుంది కనుక వంద మీటర్ల దూరానికి చేరడానికి దాదాపు 0.3 సెకన్లు పడుతుంది. పుస్తకంలో చదివినప్పుడు అదొక లెక్క. అక్కడ నిలబడితే, డ్రమ్మర్ కర్ర దిగడం ముందు కనిపించి, దెబ్బ తర్వాత వచ్చి ఛాతీలో తగలడం మొదలయ్యాక, మొదటి రెండు పాటల దాకా కళ్లనూ చెవులనూ ఒకచోటికి తెచ్చుకోవడంతోనే సరిపోయింది. ముందు వరుసల చప్పట్లు, మా చప్పట్లు ఎప్పుడూ కలవలేదు. మూడో పాటలో గిటారు తీగ తెగింది. గాయకుడు ఏదో మాట్లాడుతూ జనాన్ని నవ్విస్తుంటే, పక్క నుంచి నల్ల చొక్కా మనిషి ఒకడు వంగి పరుగెత్తుకుంటూ వచ్చి గిటారు మార్చి వెళ్లాడు, వేదిక మీది ఎవరూ అతని వైపు చూడనైనా లేదు. ఆ పాటను ఎలా ముగించారని అడిగితే చెప్పలేను. ఆ మనిషి వెనక జేబులో వేలాడుతున్న అతికించే టేపు చుట్ట ఇప్పటికీ కనిపిస్తుంది.

చెవులు మాత్రం మర్నాడు సాయంత్రం దాకా గింగురుమన్నాయి. దాన్ని ఘనకార్యంగా చెప్పుకునే అభిమానులు ఉన్నారు కానీ, అది లోపలి చెవిలోని సున్నితమైన కణాలకు తగిలిన దెబ్బ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికల కోసం పెట్టిన ప్రమాణం పదిహేను నిమిషాల సగటున 100 డెసిబెల్స్ మించకూడదంటుంది. చెవిలో ప్లగ్గులు పెట్టుకుంటే అభిమానం ఏమీ తగ్గిపోదు.

ఫోను ఎత్తి పట్టుకుని కచేరీ అంతా చిత్రీకరించేవారిపై నాకు పెద్దగా కోపం లేదు, నా ముందు నిలబడనంతవరకూ. అయితే లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన అధ్యయనం ఒకటి గుర్తుకొస్తుంది. మ్యూజియంలో వస్తువులను ఫొటో తీసినవారికి, ఊరికే చూసినవారి కన్నా ఆ వస్తువులు తక్కువగా గుర్తున్నాయి. ఏదో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనబడలేదు. మ్యూజియం వేరు, కచేరీ వేరు కావచ్చు. అయినా వేదిక మొత్తాన్ని తీయడం కన్నా డ్రమ్మర్ చేతులనో, తీగలు మార్చే మనిషినో తీసుకోవడం మేలనిపిస్తుంది.

అంతకన్నా మేలు, ఇంటికి చేరిన రాత్రే పడుకోబోయే ముందు ఒక పేజీ రాసిపెట్టుకోవడం. పక్కన ఎవరున్నారు, ఏ పాటకు ఎవరు ఏడ్చారు, కచేరీ అయ్యాక ఇంకొక పాట (ఎన్కోర్) కోసం అరుస్తున్నప్పుడు లైట్లు ఎంతసేపు ఆరి ఉన్నాయి, బయటికి వచ్చే దారిలో జనం ఏ పల్లవిని అందుకున్నారు, ఇవి రాసుకోవాలి. పాటల వరుస రాసుకోనక్కర్లేదు, తెల్లారేసరికి ఎవరో ఒకరు ఇంటర్నెట్‌లో ఎక్కించేస్తారు.