గవ్వల దండ ముందు అరగంట

మంగళవారం, హోబార్ట్

లంచ్ బ్రేక్‌లో వాన పట్టుకుంటే మ్యూజియంలోకి దూరాను. ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న ఈ టాస్మేనియా దీవి ఆదివాసీ స్త్రీలు గుచ్చిన గవ్వల దండల ముందు నిలబడ్డాక ఇక కదలబుద్ధి కాలేదు. పులిహోర డబ్బా బ్యాగులోనే ఉండిపోయింది.

ఎంత చిన్న గవ్వలో! తల కాస్త వంచి చూస్తే ఆకుపచ్చ నీలంలోకి తిరుగుతోంది. ప్రతిదానికీ నోటి పక్కనే ఓ చిల్లు. వీటిని మైరీనర్లంటారు. సముద్రపు నీరు బాగా వెనక్కి తీసినప్పుడు దిగి, కెల్ప్ అనే సముద్రపు నాచుని పట్టుకుని ఉన్నవి ఏరాలి. అప్పుడు ఈ మెరుపేమీ ఉండదు. పూర్వం పొగ పెట్టి, గడ్డిలో రుద్ది పైపొర పోగొట్టేవారు. పదునుపెట్టిన జంతువు పంటితో చిల్లు పొడిచి, కంగారూ నరానికి గుచ్చేవారు. సూదీ దారం తెల్లవాళ్లు వచ్చాకే.

మధ్యాహ్నమంతా ఇలాంటి దండలు గుచ్చిన ఆదివాసీ స్త్రీ ఫానీ కొక్రేన్ స్మిత్ గురించే ఆలోచన. ఆవిడ 1834లో ఫ్లిండర్స్ దీవిలోని వైబలెన్నాలో పుట్టింది. సొంత నేల నుంచి తరలించిన ఆదివాసులను ఉంచిన చోటు అది. జబ్బులతో చాలామంది అక్కడే పోయారు. చిన్నప్పుడే ఫానీని మతబోధకుడి ఇంట్లో పెట్టారు, అక్కడ ఆ పిల్ల పడని కష్టం లేదు. 1847లో, మిగిలిన కొద్దిమందితో పాటు హోబార్ట్‌కి దక్షిణాన ఆయిస్టర్ కోవ్‌కి తెచ్చారు. తర్వాత పెళ్లి, పదకొండు మంది పిల్లలు, నికల్స్ రివ్యులెట్‌లో కాపురం. మెథడిస్టు చర్చికి స్థలం ఇచ్చింది. అయినా బుట్టలు అల్లడం, గవ్వల దండలు గుచ్చడం మానలేదు.

1876లో ట్రుగనిని అనే మరో ఆదివాసీ స్త్రీ చనిపోతే ఆఖరి టాస్మేనియన్ పోయిందని రాసేసుకున్నారు. ఫానీ అప్పటికి పిల్లల్ని పెంచుకుంటూ ఇక్కడే ఉంది! 1899లో, 1903లో తన భాషలో పాటలు కూడా పాడింది, వాటిని ఆ రోజుల్లో గొంతు రికార్డు చేసే మైనపు సిలిండర్ల మీద పట్టారు. ఎదురుగా మనిషి పాడుతుంటే ఆ జాతే లేదనడానికి నోరెలా వచ్చిందో. తల్చుకుంటే ఒళ్లు మండిపోతుంది. ట్రుగనిని దండ ఒకటి ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ మ్యూజియంకి చేరింది. అది ఇక్కడికి తిరిగొచ్చింది 1997లో.

తల్లుల దగ్గర, అమ్మమ్మల దగ్గర నేర్చుకున్న ఆడవాళ్లు ఇప్పటికీ ఈ దండలు చేస్తున్నారు. కానీ సముద్రం వేడెక్కి ఈ తీరంలో కెల్ప్ బాగా తగ్గిపోయింది. మైరీనర్లు దొరకడం కష్టమవుతోందని వాళ్లు అంటున్నారు. ఇంటికొచ్చాక కూడా నా టెన్షన్ అదే.