హెల్సింకి నుంచి టోక్యో: దూరం ఒక లెక్క, ప్రయాణం మరో లెక్క

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకికీ టోక్యోకూ మధ్య దూరం ఎంతని వెతికితే ఎక్కడైనా ఒకటే జవాబు: సుమారు 7,800 కిలోమీటర్లు. పెద్ద విమానం గంటకు 900 కిలోమీటర్ల చొప్పున పోతుంది. రన్‌వే దాకా వెళ్లడానికి, పైకి లేవడానికి, దిగడానికి పట్టే సమయం కూడా కలుపుకుంటే తొమ్మిదిన్నర గంటలు. నా టికెట్ మీద మాత్రం బయలుదేరేది సాయంత్రం 5:45, దిగేది మర్నాడు మధ్యాహ్నం 1:35 అని ఉంది.

టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే కాబట్టి ముందు రెండింటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా ప్రామాణికంగా తీసుకునే సమయంలోకి, మార్చాను. చలికాలంలో ఫిన్లాండ్ యూటీసీకి 2 గంటలు ముందుంటుంది, జపాన్ 9 గంటలు. అంటే 15:45కి ఎక్కి 4:35కి దిగడం, మొత్తం 12 గంటల 50 నిమిషాలు. వేసవిలో ఫిన్లాండ్‌లో గడియారాలను గంట ముందుకు జరుపుతారు, జపాన్‌లో జరపరు. ఆ నెలల్లో ఇదే లెక్కలో గంట తేడా వస్తుంది.

మరి ఆ అదనపు మూడు గంటల సంగతి? గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూశాను. గోడమీది పటంలో గీత గీస్తే కజకిస్థాన్, మంగోలియాల మీదుగా పోతుంది కానీ, దారం ఉత్తరానికి వంగి సైబీరియా మీద పడింది. అసలైన దగ్గరి దారి అదే, 7,800 అన్నది దాని కొలతే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్ విమానాలకు రష్యా గగనతలం మూతపడింది. అప్పటి నుంచి ఈ దారిలో వెళ్లే విమానం దక్షిణంగా టర్కీ, కాస్పియన్, మధ్య ఆసియా, చైనాల మీదుగా చుట్టి రావాలి, లేదా ఉత్తర ధ్రువం మీదుగా రావాలి. దూరం చెప్పే సైట్లకు ఈ గొడవతో పనిలేదు, వాటికి భూగోళం చాలు.

వెళ్లేటప్పుడు మాది దక్షిణపు దారి. చైనా మీద జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వేగంగా వీచే గాలి) తోకగాలిగా దొరికి, ముందు సీటు తెరమీద వేగం గంటకు 1,000 కిలోమీటర్లు దాటింది. అదే గాలి తిరుగు ప్రయాణంలో ఎదురవుతుంది. అందుకే రాత్రి 10కి టోక్యోలో లేచిన మా విమానం పడమరకు బదులు తూర్పుకు తిరిగింది. తేదీ రేఖ దాటి, అలాస్కా వైపు నుంచి ధ్రువం మీదికి వెళ్లింది. ధ్రువం నుంచి హెల్సింకికి ఇంకా 30 డిగ్రీల అక్షాంశం ఉంది. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున సుమారు 3,300. ఆ తెర చెప్పకముందే నాలుగు గంటల లోపు దిగుతామని వేసుకున్న లెక్క సరిపోయింది.

హెల్సింకిలో దిగేసరికి తెల్లవారుజామున 4. గడియారం ప్రకారం గడిచినవి ఆరు గంటలు, కూర్చున్నవి పదమూడు. డిసెంబరు కావడంతో దారిపొడవునా సూర్యుడు కనిపించలేదు, అలాస్కా దగ్గర ఆకాశం అంచున కాస్త ఎరుపు తప్ప. ధ్రువం దాటినందుకు విమానంలో అందరికీ ఒక ధ్రువపత్రం ఇచ్చారు. దాని మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగామో మాత్రం రాయలేదు.