కొట్టుకొచ్చిన కట్టెలో ముందు ఉప్పు పోవాలి

గోదావరి వరద తీశాక అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రతీరపు ఇసుక మీద కొమ్మలు, వేళ్లు దొరుకుతాయి. వాటితో ఇంటికి పనికొచ్చే వస్తువులు చేసుకోవచ్చు. గోరు గుచ్చితే దిగిందా, అది పుచ్చు కట్టె, వదిలేయండి. పెన్సిల్ దూరేంత నున్నటి బొరియలు సముద్రపు పురుగు చేసినవి. తడి లేకపోతే ఆ పురుగు బతకదు కాబట్టి భయం లేదు. బొరియలోంచి సన్నటి పొడి రాలుతుంటే మాత్రం లోపల ఎండు కట్టెను తినే పురుగు ఉన్నట్టే, ఇంట్లోకి తేవద్దు. కోసిన దుంగలు, ముద్ర వేసిన టేకు ముట్టుకోవద్దు. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం కొట్టుకొచ్చిన కలప, హక్కుదారుడు తేలేవరకు ప్రభుత్వానిదే.

అసలు పని ఉప్పు తీయడం. ఉప్పుంటే కట్టె గాలిలో తేమను లాగి వానాకాలంలో చెమరుస్తుంది, పాలిష్ పొరలుగా లేస్తుంది, మేకులు తుప్పు పడతాయి. డ్రమ్ములో మంచినీళ్లు పోసి, పైన రాయి పెట్టి ముంచండి. మణికట్టు లావు కట్టెకు రెండు వారాలు, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. చివర్లో డ్రమ్ము నీళ్లు ఒక స్టీలు పళ్లెంలో, కుళాయి నీళ్లు అంతే కొలతలో మరో పళ్లెంలో పోసి ఎండలో పెట్టండి. బోరు నీళ్లకూ తెల్లటి మరక వస్తుంది, అందుకే రెండూ పక్కపక్కన చూడాలి. డ్రమ్ము పళ్లెంలో పొర దళసరిగా ఉంటే ఇంకా నానబెట్టాల్సిందే.

ఆరబెట్టడం నీడలోనే, ఇటుకల మీద. ఎండలో పైపొర ముందే బిగుసుకుని నిలువునా పగులుతుంది. వారానికోసారి తూకం వేయండి. రెండుసార్లు ఒకే బరువొస్తే ఆరినట్టు.

తొలి ప్రయత్నానికి రెండడుగుల కట్టెతో బట్టల కొక్కేల పట్టీ మేలు. గోడకు ఆనే వైపు చెక్కను అరగదీసే ముతక ఆకురాయితో చదును చేయండి. 4 మి.మీ. స్టెయిన్‌లెస్ స్క్రూకి ముందు 3 మి.మీ. బెజ్జం వేయాలి, చివరల నుంచి రెండంగుళాలు వదలాలి. లేకపోతే చీలుతుంది. గోడలో 6 మి.మీ. ప్లగ్గులు సరిపోతాయి. పైన అవిసె నూనె పలుచగా రెండు పూతలు చాలు. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే రాజుకుని మండవచ్చు, విప్పి ఆరుబయట ఆరేయండి.

నానబెట్టని ఉప్పు కట్టె ముక్కలు పొయ్యిలోకి, భోగిమంటలోకి వద్దు. ఉప్పులోని క్లోరిన్ వల్ల పొగలో డయాక్సిన్లనే విషాలు పుడతాయి.