ఎలుకల మందు మింగమంటారా?

గుండె వాల్వ్ మార్చాక మావయ్యకి రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ అనే మందు రాశారు. అది ఎలుకల మందని ఎవరో చెవిలో వేశారు, ఇక మాత్ర ముట్టనని మొండికేశారాయన. ఎలుకల మందన్న మాట నిజమే. కానీ భయపడాల్సింది దానికి కాదు.

1920లలో అమెరికా, కెనడాల్లో పశువులు చిన్న గాయమైనా రక్తం ఆగక చచ్చిపోయేవి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి వల్లేనని ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు తేల్చాడు గానీ, ఆ గడ్డిలో ఉన్నదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన మంచు తుఫానులో చచ్చిన పెయ్యనీ, గడ్డకట్టని రక్తం నింపిన పాల క్యాన్‌నీ, పాడైన గడ్డినీ బండిలో వేసుకుని కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబ్‌కి వచ్చాడు (ఆయన ఓపికకి దండం పెట్టాలి). అక్కడ మొదలైన పనిలోంచే 1948లో వార్ఫరిన్ ఎలుకల మందుగా బయటికొచ్చింది.

ఇది విటమిన్ కెని లివర్ మళ్లీ మళ్లీ వాడుకోకుండా అడ్డుపడుతుంది, దాంతో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్లు సరిగ్గా తయారుకావు, అయితే అప్పటికే రక్తంలో ఉన్నవి తరిగిపోడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎలుకకి తినగానే ఏమీ కాదు కాబట్టి అనుమానం రాదు, మళ్లీ వచ్చి తింటుంది.

ఈ మందు ఎక్కువైతే విటమిన్ కె విరుగుడు. 1954లో దీన్ని మనుషులకి వాడటానికి అనుమతి వచ్చింది, మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కే ఇచ్చారు.

ఎలుకల విషయంలో పనికొచ్చిన ఆ నిదానమే మనకి తలనొప్పి. ఇవాళ డోసు మారిస్తే ఫలితం రెండు మూడు రోజులకి గానీ కనిపించదు, ఈలోపు టెన్షన్ పడి సొంతంగా ఇంకో మాత్ర వేసుకుంటే అసలు ప్రమాదం అక్కడే. అందుకే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ టెస్టు. చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉండాలి, కొన్ని వాల్వులకి ఇంకాస్త ఎక్కువ. విటమిన్ కె ఉంటుందని ఆకుకూరలు మానక్కర్లేదు, ఓ వారం బోలెడు, ఓ వారం అసలు లేకుండా తినకూడదంతే. నొప్పి మాత్రలూ యాంటీబయాటిక్సూ మాత్రం డాక్టర్ని అడక్కుండా వద్దు.

టెస్టుల గొడవ లేని కొత్త మందులున్నాయి కదా అని మావయ్య అడిగారు. ఉన్నాయి, కానీ మెకానికల్ వాల్వ్ (జంతువుల కణజాలంతో కాక లోహం, కార్బన్ లాంటి వాటితో చేసిన వాల్వ్) ఉన్నవాళ్లకి అవి సరిపడవు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ని అలాంటివాళ్ల మీద పరీక్షిస్తే రక్తపు గడ్డలూ, రక్తస్రావాలూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు.