రోజూ వండుతారా అని అడిగే ఊళ్ళో ఎల్ ఆకారపు వంటిల్లు

జర్మనీలో వంటింటి సామాను అమ్మే షాపుకి మనవాళ్ళు కొలతలు పట్టుకుని వెళితే, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి మర్యాదగానే ఒక మాట అడుగుతాడు: "రోజూ వండుతారా?" జాబితాలో 5 లీటర్ల కుక్కరు, గ్రైండరు, 10 కిలోల బియ్యం బస్తా చూశాక ఇంత చిన్న వంటింటికి ఇదంతా ఎక్కువ కదా అని కూడా అంటాడు. అందులో తిట్టేమీ లేదు. అయినా బయటికొచ్చాక మనసు ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. పొద్దున బ్రెడ్డు, రాత్రి మళ్ళీ బ్రెడ్డూ చీజూ తినేవాళ్ళు మన వంట ఎక్కువైందని చెప్పడమేమిటని ఒక పక్క ఉక్రోషం. అతను గీసిచ్చిన ప్లానులో తేడా ఎక్కడుందో మనకీ చెప్పడం రాలేదే అని ఇంకో పక్క.

తేడా ఒక్కటే. ఆ ప్లాన్లు ఓవెన్‌నీ, ఫ్రిజ్జునీ చూసుకుని గీస్తారు. మన వంట జరిగేది పొయ్యి పక్క గట్టు మీద. తరిగినవి, నానబెట్టినవి, రుబ్బి తీసినవి, దించినవి అన్నీ ఒకేసారి అక్కడే ఉంటాయి. కాబట్టి సింకుకీ పొయ్యికీ మధ్య ఖాళీ గట్టు ఎంత మిగులుతుందన్నది ముందు తేల్చుకోవాలి. అలమారాల రంగు తర్వాత చూసుకోవచ్చు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ అద్దెకిచ్చే ఫ్లాట్లలో చాలావాటికి వంటింట్లో నాలుగు గోడలే ఉంటాయి. నీళ్ళకి రెండు చిన్న వాల్వులు, వాడిన నీళ్ళు పోయే 50 మిల్లీమీటర్ల గొట్టం, పొయ్యి కోసం గోడలో కిందగా ఒక కరెంటు పెట్టె. అరలూ గట్టూ సింకూ పొయ్యీ అద్దెకున్నవాళ్ళే కొనుక్కోవాలి, ఖాళీ చేసినప్పుడు పట్టుకుపోవాలి, లేదా తర్వాత వచ్చేవాళ్ళకి అమ్ముకోవాలి. ప్లాను ఆ నీళ్ళ చోటు, కరెంటు పెట్టె దగ్గరే మొదలవుతుంది. సింకుని కొంత పక్కకి జరపొచ్చు కానీ గొట్టానికి మీటరుకి కనీసం 1 సెం.మీ. వాలు కావాలి, 2 ఉంటే మేలు. మూల తిప్పాల్సి వస్తే ఒక 90 డిగ్రీల వంపు బదులు రెండు 45 డిగ్రీల వంపులు వాడాలి. బియ్యం కడిగిన నీళ్ళూ, నెయ్యి జిడ్డూ పేరుకునేది ఆ మలుపులోనే.

గోడని మూడు ఎత్తుల్లో కొలవాలి: నేల దగ్గర, 90 సెం.మీ. దగ్గర, 2 మీటర్ల దగ్గర. అన్నిటికన్నా తక్కువ వచ్చిందే లెక్కలోకి తీసుకోవాలి. మూల తిన్నగా ఉందో లేదో తెలియాలంటే ఒక గోడ మీద 60, రెండో గోడ మీద 80 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టి వాటి మధ్య దూరం చూడండి. 100 వస్తే సరే. 101 వచ్చిందంటే మూల విచ్చుకుంది, 190 సెం.మీ. దూరం పోయేసరికి గట్టు వెనక దాదాపు 4 సెం.మీ. సందు తేలుతుంది. పాత ఇళ్ళలో ఇది మామూలే. అందుకే గట్టు పలకని 60 వెడల్పుది కాకుండా 63.5ది తీసుకుని, వెనక వైపు గోడ వంపుకి తగ్గట్టు కోయించడం మంచిది.

ఇక ఎల్ ఆకారానికి అసలు లెక్క. పొడుగు గోడ 280, పొట్టి వైపు 190 సెం.మీ. అనుకుందాం, చిన్న ఫ్లాట్లలో తరచూ కనిపించే కొలతే. మూలకి రెండు వైపులా 65 వదలండి. పొడుగు వైపున మూల నుంచి వరసగా 60 సెం.మీ. వెడల్పు సొరుగులు, 60 పొయ్యి, 30 నూనె సీసాల అర, చివర 60 ఫ్రిజ్జు. మొత్తం 275. మిగిలిన 5 సెం.మీ. గోడ పక్కన సన్నపలకకి పోతుంది. అది లేకపోతే ఫ్రిజ్జు తలుపు గోడకి తగిలి పూర్తిగా తెరుచుకోదు, లోపలి గాజు అరలు బయటికి రావు. పొట్టి వైపున మూల 65 తర్వాత 60 సింకు, ఆ పక్కన 60 డిష్‌వాషరు, చివర దాన్ని కప్పే పలక. ఇలా పెడితే సింకు నుంచి పొయ్యి దాకా మధ్యలో మూలతో కలిపి ఒకటే గట్టు, అడ్డంకి లేకుండా. సింకు, పొయ్యి, ఫ్రిజ్జుల నడిమధ్య చోట్లని గీతలతో కలిపితే మొత్తం నాలుగున్నర మీటర్లు వస్తుంది. 4 నుంచి 8 మీటర్ల మధ్య ఉంటే చాలని ఈ పనివాళ్ళు చెప్పే లెక్క. పొయ్యికి అవతల 30 సెం.మీ. మాత్రం ఎంత ఇరుకైనా వదులుకోవద్దు. దించిన కుక్కరు పెట్టే చోటు అదే. అది లేకపోతే బాణలి పిడి ఫ్రిజ్జు పక్క పలకకి కొట్టుకుంటూ ఉంటుంది.

షాపువాళ్ళు ఇక్కడే ఒక మెలిక పెడతారు. డిష్‌వాషరుని మూల పక్కన, సింకుని చివర గీస్తారు, బొమ్మలో అందంగా ఉంటుందని. డిష్‌వాషరు తలుపు కిందికి దించితే దాదాపు 60 సెం.మీ. బయటికొస్తుంది, పక్క వైపున్న సొరుగులు తెరవడానికి వీలుండదు. గిన్నెలు సర్దుతున్నంతసేపూ చెంచాల సొరుగు మూతపడే ఉంటుంది.

మూల గురించి ఎక్కువ వాదన జరుగుతుంది. లోపల తిరిగే గుండ్రటి అరలున్న 90 బై 90 మూల అలమారా అమ్మడం వాళ్ళకి ఇష్టం, ఖరీదైంది కాబట్టి. పైన చెప్పిన కొలతల్లో దాన్ని పెడితే ఒక్కో వైపు 25 సెం.మీ. పోతుంది. పొడుగు వైపున 60 సొరుగుల చోట 30 అర మిగులుతుంది, పొట్టి వైపు 190లో అసలు ఇమడదు. పైగా ఇడ్లీ పాత్రలాంటి పొడుగు గిన్నెలు తిరిగేటప్పుడు ఒరిగి వెనక్కి పడతాయి, తీయాలంటే నేల మీద పడుకోవాలి. చిన్న వంటింట్లో మూల కింది భాగాన్ని మూసేసి వదిలేయడమే లాభం. అక్కడ పోయేది 65 బై 65 చోటు, దక్కేది రెండు వైపులా నిండు వెడల్పు అరలు. 60 లోతు అరలకి 65 ఎందుకంటే, తలుపు పలక 2, దాని హ్యాండిల్ 3 సెం.మీ. ముందుకి ఉంటాయి. ఆ 5 సెం.మీ. పలక వేయకపోతే ఒక వైపు సొరుగు లాగగానే రెండో వైపు హ్యాండిల్‌కి గీసుకుంటుంది. హ్యాండిల్ ఇంకా పెద్దదైతే 7 వదలాలి.

మూల పైభాగం మాత్రం వృథా కాదు. చేయి సరిగ్గా అందని ఆ లోతైన చోటే మిక్సీకీ, గ్రైండరుకీ, రైస్ కుక్కరుకీ సరిపోతుంది. అక్కడ కనీసం నాలుగు ప్లగ్గులు పెట్టించాలి. మన మిక్సీలు ఇక్కడి 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కి పనిచేస్తాయి, ప్లగ్గు మార్చితే చాలు. అమెరికాలో వోల్టేజీ వేరు కాబట్టి అక్కడున్న బంధువుల సలహా ఈ ఒక్క విషయంలో వినొద్దు. 16 ఆంపియర్ల లైను మీద మొత్తం 3680 వాట్లే దొరుకుతాయి కాబట్టి నీళ్ళు కాచే కెటిలూ, ఎయిర్ ఫ్రయరూ ఒకే లైను మీద నడిపితే ఫ్యూజు పడిపోతుంది. మిక్సీ కింద మందపాటి రబ్బరు చాప వేసుకోండి. రాత్రి 10 దాటాక చట్నీ వేస్తే కింది ఇంటివాళ్ళు పైకి వస్తారు, అప్పుడు వాళ్ళదే న్యాయం.

సొరుగుల్లో బియ్యానికి అట్టడుగుది కేటాయించండి. మామూలు పట్టాలు 30 కిలోల దాకా మోస్తాయి, కొనేముందు ఆ అంకె చూడాలి. పోపుల డబ్బా గట్టు కింద మొదటి సొరుగులో ఉండాలి. పొయ్యి పైన అరలో పెడితే ఆవిరికి పసుపూ కారం గడ్డలు కడతాయి.

ఎత్తు దగ్గర మన ఆడవాళ్ళకి ఎక్కువ ఇబ్బంది. ఇక్కడ గట్టు మామూలుగా 91, 92 సెం.మీ. వస్తుంది. మోచేయి మడిచి నిలబడితే నేల నుంచి మోచేతి దాకా ఉన్న ఎత్తులో 10 నుంచి 15 తగ్గించి గట్టు పెట్టుకోవాలి. అయిదడుగులు దాటీ దాటని మనిషికి 85 చుట్టూ తేలుతుంది. చపాతీ పిండి కలపాలన్నా, పెద్ద గిన్నెలో పులిహోర కలపాలన్నా ఆ తేడా భుజాలకి తెలుస్తుంది. కానీ డిష్‌వాషరు పట్టాలంటే పలక కింద కనీసం 82 సెం.మీ. ఉండాలి, పలక మందం 3.8 కలిపితే 86 దగ్గర ఆగక తప్పదు. 80 ఎత్తు అరలు తీసుకుంటే అంత కిందికి రావు. 72 ఎత్తు అరలు తీసుకుని, కింద కాళ్ళు 10 సెం.మీ.కి తిప్పుకుంటే సరిపోతుంది.

కిటికీ కింద సింకు పెట్టాలనుకుంటే ఆగండి. ఇక్కడి కిటికీలు లోపలికి తెరుచుకుంటాయి, మామూలు కుళాయి అడ్డొస్తుంది. పడుకోబెట్టడానికి వీలైన కుళాయి విడిగా దొరుకుతుంది. సింకు కింద 5 లీటర్ల చిన్న గీజరు ఉన్న ఇళ్ళలో ఇంకో ప్రమాదం. దానికి నీడర్‌డ్రుక్ (తక్కువ ఒత్తిడిది) అని రాసి ఉన్న, మూడు గొట్టాల కుళాయే వాడాలి. అందంగా ఉందని మామూలుది బిగిస్తే ఆ గీజరు పూర్తి నీటి ఒత్తిడికి తట్టుకోలేక పగులుతుంది.

పొయ్యి పెట్టె 400 వోల్టులది. దాన్ని సొంతంగా తెరవొద్దు, ఎలక్ట్రీషియన్‌తోనే కలిపించాలి. కొన్ని పాత ఇళ్ళలో ఒక్క ఫేజే ఉంటుంది, నాలుగు చోట్లా ఒకేసారి పూర్తి మంట రాదు. ఇండక్షన్ అయితే అల్యూమినియం ఇడ్లీ పాత్ర, గుండ్రటి అడుగున్న మూకుడు పనికిరావు, అడుగుకి అయస్కాంతం అంటుకోవాలి. అట్లపెనం 28 ఉంటే పొయ్యిలోని 21 సెం.మీ. తీగ చుట్ట మీద అట్టు మధ్యలో మాడి అంచులు తెల్లగా ఉంటాయి, కాబట్టి 28 చుట్ట ఒకటైనా ఉన్నది వెతకండి. ఇంటి నుంచి ఫోన్లో ఆగ్నేయం అడుగుతారు కదా, ఎల్ మడత ఆగ్నేయానికి పడితే పొయ్యిని తూర్పు గోడ వైపు పెట్టుకోండి, ఆగ్నేయమూ, తూర్పు ముఖంగా వండటమూ రెండూ కలిసొస్తాయి. పడకపోతే పెట్టె ఎక్కడుంటే పొయ్యి అక్కడే.

ఇక పోపు వాసన. అసలు గొడవంతా దీని గురించే. ఫ్లాట్లలో పొగ బయటికి పంపే చిమ్నీకి గోడ తొలవడానికి ఇంటి ఓనరు ఒప్పుకోవడం అరుదు. అందుకని బొగ్గు ఫిల్టరులోంచి గాలిని తిప్పి మళ్ళీ గదిలోకే వదిలే ఉమ్‌లుఫ్ట్ రకమే దిక్కు. అది వాసన కొంత పీలుస్తుంది, ఆవిరిని పీల్చదు. కుక్కరు ఆవిరి కిటికీలోంచి పోకపోతే అలమారా వెనక బూజు పడుతుంది, ఖాళీ చేసేటప్పుడు ఆ బూజుకి డబ్బు పట్టుకుంటారు. వంట మొదలుపెట్టడానికి 5 నిమిషాల ముందు చిమ్నీ వేసి, అయ్యాక పావుగంట ఉంచాలి, కిటికీ బార్లా తెరవాలి. ఎంత శక్తి కావాలో చిన్న లెక్క: గది ఘనపు మీటర్లని 10 నుంచి 12తో గుణించండి. 6 చదరపు మీటర్ల మూసిన వంటింటికి, 2.5 ఎత్తుకి, గంటకి 180 ఘనపు మీటర్లు చాలు. అదే హాలుతో కలిసిన 25 చదరపు మీటర్లకి 625 పైన కావాలి. హాల్లోకి తెరిచిన వంటిల్లు ఫ్యాషనని పొగిడేవాళ్ళు ఎండుమిర్చి వేయించి చూడాలి. తలుపున్న చిన్న వంటిల్లే మనకి నయం.

ఆ చిన్న వంటింటి ఆలోచన కూడా ఇక్కడిదే. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెటె షూట్టె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ కార్మికుల ఇళ్ళ కోసం దాదాపు 1.9 బై 3.4 మీటర్ల వంటిల్లు గీసింది. రైళ్ళలో భోజనం బోగీ వంటగదిని చూసి, స్టాప్‌వాచ్‌తో అడుగుల లెక్క వేసి మరీ. పిండీ పంచదారా వంచుకోవడానికి ముక్కున్న అల్యూమినియం సొరుగులు కూడా పెట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే రోమర్‌స్టాట్ కాలనీలో, ఎర్న్‌స్ట్ మాయ్ అనే ఆర్కిటెక్ట్ పేరు పెట్టిన మ్యూజియం ఇంట్లో అది ఇప్పటికీ చూడొచ్చు. అది గీసేనాటికి తనకి వంట చేసే అలవాటే లేదని ఆవిడే తర్వాత చెప్పుకుంది. రోజూ వండుతారా అని ఆవిడని ఎవరూ అడిగినట్టు లేదు.

గట్టు పలకల అతుకు సంగతి మర్చిపోకూడదు. ఎల్ మడతలో రెండు పలకలు కలుస్తాయి, కోసిన అంచులో చెక్కపొట్టే ఉంటుంది. అక్కడ నీళ్ళు దిగితే కొన్ని నెలల్లో ఉబ్బుతుంది, మళ్ళీ చదును కాదు. అతుకు సింకు గుంటకీ పొయ్యి గుంటకీ తగలకూడదు. కింద బోల్టులు బిగించేముందు కోసిన అంచంతా సిలికాన్ పూయాలి. సింకు గుంట అంచులకీ అంతే, అంట్లు కింద దింపకుండా సింకు చుట్టూ పెట్టే అలవాటున్న ఇళ్ళలో మరీను.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే సొరుగుల పట్టాల మీద, పొయ్యి మీద, చిమ్నీ మీద. పలక మీద వద్దు, ఇల్లు మారితే ఎల్ పలక వేరే గోడకి సరిపోదు. అరలు మాత్రం వస్తాయి, 30, 60 వెడల్పులవి ఎక్కడైనా అమరుతాయి. తర్వాత వచ్చేవాళ్ళకే అమ్మాలనుకుంటే బిల్లులూ, కొలతల కాగితమూ దాచి పెట్టుకోండి. చూడటానికి వచ్చే రోజుకి ముందే చిమ్నీలో బొగ్గు ఫిల్టరు కొత్తది వేసి, జాలీలు డిష్‌వాషర్లో కడగండి. వాసన పోయిందంటే బేరం సగం అయినట్టే.