కొమ్ముచెంబు పట్టుకోనంది

"తాతయ్య తాగరు కదా, మరి నీళ్లెందుకు పోయాలి?" అంది మా అమ్మాయి, మొన్న మా నాన్న తద్దినం రోజు. తద్దినమంటే ఏదో నిష్ఠగా పెట్టాననుకునేరు. తిథి బుధవారం వచ్చింది, సెలవు దొరక్క ఆదివారానికి జరిపాను, వీడియో కాల్‌లో పంతులుగారు మంత్రం చెబుతుంటే మధ్యలో నెట్ ఆగిపోయింది. అలాంటి నేను, తొమ్మిదేళ్ల పిల్ల కొమ్ముచెంబు పట్టుకోనందని గట్టిగా కసిరాను. చెంబు కింద పెట్టేసి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

తర్వాతి వారం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి తీసుకెళ్లాను, బుజ్జగింపే అనుకోండి. ఈజిప్టు మమ్మీ కోసమని బయల్దేరి ఇరాన్ వస్తువుల దగ్గర ఆగిపోయింది. మట్టి కుండే, కానీ గుండ్రటి పొట్టకి ముందు కొంగముక్కులా పొడవాటి కొమ్ము. లేతరంగు మట్టి మీద ముదురు రంగుతో గీతలు, గళ్లు. కాషాన్ దగ్గర సియల్క్ దిబ్బలో 1930లలో రోమన్ గిర్ష్‌మన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్విన సమాధుల్లో దొరికే రకం, మూడువేల ఏళ్లకి కాస్త అటూ ఇటూ. పోయినవాళ్ల కోసం ఏదో పానీయం ధార పోసి, కుండని వాళ్ల పక్కనే పెట్టేసేవారని పండితుల ఊహ.

"నాన్నా, మనింట్లోదే!" అని అరిచింది. గార్డు మావైపు చూశాడు. నేను పొంగిపోయి, చూశావా మన ఆచారం ఎంత పాతదో అని మొదలెట్టబోయి ఆగాను. మన ఇత్తడి చెంబుకీ దానికీ చుట్టరికమేమీ లేదు. కొమ్ముంటే ధార సన్నగా పడుతుందన్నది ఏ ఊరి కుమ్మరికైనా తట్టే సంగతే.

"వాళ్ల పిల్లలు పోయనంటే ఏం చేసేవాళ్లు?" అనడిగింది.

పిల్లలకి కారణం చెప్పి ఒప్పించాలి తప్ప కసరకూడదని మా వాట్సాప్ గ్రూపులో అందరికీ సలహాలిచ్చేది నేనే. తీరా చూస్తే నా దగ్గర కారణమే లేదు. చిన్నప్పుడు నేను ఆ చెంబు పట్టుకున్నది భక్తితోనా? గారెల కోసం, మా తాత చూపుకి భయపడీ. ఇక్కడ గారెలు ఫ్రోజెన్‌వి, నా చూపుకి ఎవరూ భయపడరు.

ఇంటికొచ్చాక చూస్తే ఆ చెంబుతోనే బాల్కనీలో పుదీనాకి నీళ్లు పోస్తోంది, కొమ్ము వంచి, మట్టి చెదరకుండా సన్నగా. అది దేవుడి గదిలోదే అన్న మాట నోటిదాకా వచ్చింది. ఏమీ అనలేదు. రాత్రి చింతపండు పెట్టి తోమి మళ్లీ అక్కడే పెట్టాను.