ఉతికి చెడగొట్టుకున్న డేరా

డేరా వచ్చిన రోజు ఇల్లంతా ఒకటే కంపు. పాత కిరోసిను, తడిసిన గోనెసంచి, పెట్టె అడుగున ఏళ్లుగా మరిచిపోయిన దుప్పటి, మూడూ కలిపి నూరినట్టుంది. సైన్యం వాడి పక్కన పడేసిన సరుకు. ఏ గోదాములో ఎన్నేళ్లు మూలిగిందో మరి.

నేను కొన్నది అమెరికన్ సైన్యం షెల్టర్ హాఫ్‌ల జత. పేరుకు తగ్గట్టే ఒక్కోటి సగం డేరా. ఒక్కో సైనికుడు తన సగం గుడ్డ, ఒక రాట, కొన్ని మేకులు, ఒక తాడు మోసుకెళ్లేవాడు. రాత్రికి ఇద్దరూ తమ సగాలను గుండీలతో కలుపుకుంటే డేరా అయ్యేది. అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటి సైనికులు ఇలాంటివాటిని కుక్కల గూళ్లని వెక్కిరించేవారు. పప్ టెంట్, అంటే కుక్కపిల్ల డేరా, అన్న పేరు అలా మిగిలిపోయింది. లోపలికి పాక్కుంటూ దూరినప్పుడు వాళ్లేమీ అన్యాయంగా అనలేదని తెలిసింది.

కంపు భరించలేక మొదటి రోజే నేనొక ఘనకార్యం చేశాను. పెద్ద టబ్బులో వేడినీళ్లు పోసి, బట్టల సబ్బు పొడి ధారాళంగా కలిపి, రెండు సగాలనూ రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నే కాళ్లతో తొక్కి తొక్కి ఉతికాను. నల్లటి నీళ్లు దిగుతుంటే ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. ఆరాక వాసన సగానికి సగం పోయింది. ఈ సబ్బు పొడి సంగతి కాస్త గుర్తుంచుకోండి.

తర్వాత పెరట్లో వేసి చూశాను. మొదటిసారి గంటన్నర పట్టింది, అందులో గంట పైగా రాటలతో కుస్తీయే. ముందు రాట నిలబెట్టి తర్వాత గుడ్డ కప్పాలనుకున్నాను. ఒక రాటకు తాడు కట్టేలోపు రెండోది పడిపోయేది. నాలుగోసారికి బుర్ర వెలిగింది. రెండు సగాలనూ నేలమీద పరిచి గుండీలు పెట్టేసి, మూలలకు మేకులు కొట్టి, ఆ తర్వాత గుడ్డ కిందికి దూరి రాట ఎత్తాలి. మూలలు గట్టిగా ఉంటే రాటను గుడ్డే పట్టుకుంటుంది. ముందూ వెనకా తాళ్లు తీరిగ్గా కట్టుకోవచ్చు. మూలలు వంకర లేకుండా వచ్చాయా అని చూడటానికి ఎదురెదురు మూలల మధ్య తాడు పట్టి కొలిచాను. రెండు కొలతలూ ఒకటే వస్తే కప్పు ముడతలు పడదు. ముడత పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి.

ఇంకో చిన్న విషయం. పైన గుండీలు పెట్టే చోట ఒక సగం అంచు రెండోదాని మీదికి వస్తుంది. ఆ అంచు నోరు గాలికి ఎదురుగా ఉండకూడదు. పెంకులు పేర్చే లెక్కే ఇదీ. ఇది నాకు ముందే తోచినందుకు చాలా గర్వపడ్డాను. ఆ గర్వం మొదటి వాన దాకానే.

తమ్ముడిని వెంటబెట్టుకుని మొదటి రాత్రికి వెళ్లాను. కాస్త ఎత్తుగా ఉన్న చోటు చూసుకున్నాం. మేకుల తలలు డేరాకు అవతలి వైపు వాలేలా కొట్టాను. తాళ్లన్నీ మీటితే మోగేంతగా బిగించాను. అక్కడే దెబ్బతిన్నాను. అవి నూలు తాళ్లు. తడిస్తే నూలు తాడు లావెక్కి పొడవు తగ్గుతుంది, కాన్వాస్ కూడా కొంచెం ముడుచుకుంటుంది. అర్ధరాత్రి వాన మొదలైన కాసేపటికి వెనక వైపు మేకు టప్పున ఊడింది, రాట ఒరిగింది, కప్పు తెచ్చి మా మొహాల మీద పెట్టింది.

"అన్నయ్యా, నీ వైపు కూడా కురుస్తోందా?"

"కురవడం కాదురా, చెమరుస్తోంది."

నిజంగా అలాగే ఉంది. చుక్కలు కాదు, గుడ్డలోంచి సన్నటి తుంపర దిగుతోంది. టార్చి వేస్తే వెలుగులో పొగమంచులా కనిపించింది. దానికి తోడు మోచెయ్యి తగిలిన చోటా తల తగిలిన చోటా ధార. తడిసిన కాన్వాస్ మీద నీళ్లు పొరలా నిలబడతాయి. లోపలి నుంచి ఏదైనా తగిలితే ఆ పొర తెగి, నీళ్లకు అక్కడే దారి దొరుకుతుంది. ఈ డేరాలో దేనికీ తగలకుండా పడుకోవడం శవానికి కూడా కష్టమే. రాట మళ్లీ నిలబెట్టి, తెల్లవారే దాకా కూర్చునే ఉన్నాం.

ఇంటికొచ్చాక నా మొదటి ఆలోచన, గుడ్డ పాతబడి పాడైపోయిందని. వాటర్‌ప్రూఫ్ మందు తెచ్చి పూసేద్దామనుకున్నాను. ముందు ఎక్కడెక్కడ కారుతోందో చూద్దామని ఒక చోట గుడ్డను గుంటలా పట్టి గ్లాసెడు నీళ్లు పోశాను. నిమిషంలో కిందికి దిగిపోయాయి. ఆ తడి చోటును వేళ్లతో రుద్దితే తెల్లగా నురగ వచ్చింది.

ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత సిగ్గేసింది. సబ్బు పొడి పనే గుడ్డలోకి నీళ్లు ఇంకేలా చేయడం. సరిగ్గా జాడించకపోవడంతో అది నూలు పోగుల్లోనే ఉండిపోయి, వాన రాగానే తన పని తాను చేసింది. పైగా సైన్యం వాళ్లు ఏ పూత పూశారో గానీ, నా వేడినీళ్లూ తొక్కుడూ కలిసి దాన్ని చాలావరకు ఊడ్చేశాయి. అంటే కారని డేరాను కొని, కారేలా నేనే తయారు చేసుకున్నాను.

మళ్లీ టబ్బు. ఈసారి వట్టి చన్నీళ్లు. ఏడుసార్లు జాడిస్తే గానీ నురగ ఆగలేదు. బూజు మచ్చలున్న చోట ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి మెత్తటి బ్రష్‌తో తోమాను. మచ్చలు పోలేదు, ముక్కిన వాసన మాత్రం తగ్గింది. బ్లీచింగ్ జోలికి పోలేదు, అది నూలును తినేస్తుంది.

తర్వాత డేరా వేసి, పైపుతో బాగా తడిపి, పూర్తిగా ఎండనిచ్చాను. అలా మూడుసార్లు. కొత్త కాన్వాస్‌కు చేసే పనే ఇది. తడిసినప్పుడు పోగులు ఉబ్బి నేతలో సందులు మూసుకుంటాయి, కుట్ల దగ్గర సూది కన్నాలు కూడా కొంతవరకు పూడతాయి. మూడోసారి తర్వాత గ్లాసు పరీక్ష పెడితే గంట గడిచినా అడుగు చెమ్మగిల్లిందే తప్ప చుక్క రాలలేదు. పైసా మందు పూయకుండా సగం పని అయిపోయింది. మిగిలినవి కుట్లు, కాజాలు, గుడ్డ పల్చబడిన రెండు చోట్లు.

ఏం పూయాలన్నది తేల్చుకోవడానికి చిరిగిన అంచు నుంచి మూడు ముక్కలు కత్తిరించాను. ఒకదాన్ని సబ్బునీళ్లలో ముంచి, ఆ తర్వాత పటిక నీళ్లలో ముంచాను. పాతకాలపు పద్ధతి. రెండూ కలిసి నీళ్లలో కరగని పదార్థమై పోగులకు పట్టుకుంటుంది. బాగానే పనిచేసింది గానీ, నలిపితే తెల్లటి పొడి రాలింది. సబ్బు పేరు చెబితేనే నాకు భయం కూడా పట్టుకుంది లెండి. రెండో ముక్కకు మైనం, రెండు వంతుల పారఫిన్‌కు ఒక వంతు తేనెమైనం. నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాను, నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకూడదు. నీళ్లు ఆగడంలో దీనికి తిరుగులేదు. చుక్కలు తామరాకు మీదలా జారిపోయాయి. డేరా మొత్తానికీ ఇదే పూద్దామని దాదాపు నిర్ణయించేసుకున్నాను.

ఆపింది హార్ట్‌ఫర్డ్. 1944 జూలై 6న అమెరికాలోని ఆ ఊళ్లో సర్కస్ డేరా అంటుకుని కనీసం 167 మంది చనిపోయారు. వాన ఆగాలని ఆ గుడారానికి పారఫిన్ మైనాన్ని పెట్రోలు లాంటి ద్రావకంలో కరిగించి పూశారు. అది చదివాక నా మైనం ముక్కను పెరట్లో ఇటుక మీద పెట్టి అగ్గిపుల్ల గీశాను. ఒత్తిలా మండింది. ఇద్దరం పాక్కుంటూ బయటికి రావాల్సిన గూటికి ఆ పూత వద్దనుకున్నాను. మైనం పూస్తే బరువు పెరుగుతుంది, గాలి ఆడదు, మన ఊపిరి తడే లోపల చుక్కలు కడుతుంది. కానీ నా మనసు మార్చింది ఇవేవీ కాదు, ఆ మంట.

చివరికి మూడో ముక్కదే గెలుపు. కాన్వాస్ కోసమే అమ్మే, నీళ్లలో కలిసిన రకం వాటర్‌ప్రూఫ్ ద్రవం. డేరా వేసి ఉంచి, వెడల్పు బ్రష్‌తో పై నుంచి కిందికి రెండు పల్చటి పూతలు వేశాను. ఒకే మందపు పూత వేస్తే చారలు కడుతుంది, నా ఎడమ వైపు గోడ మీద ఆ చారలు ఇప్పటికీ ఉన్నాయి. గుడ్డ రంగు ఒక ఛాయ ముదిరింది. కుట్ల మీదా కాజాల చుట్టూ మాత్రం మైనం ముక్కతో గీసి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి లోపలికి ఇంకించాను. ఆ కాస్త మైనాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని, లోపల అగ్గిపుల్ల గీయకూడదని గట్టిగా అనుకున్నాం. ఊడిన రెండు అతుకులను దబ్బనంతో నూలు దారం పెట్టి కుట్టాను. నైలాన్ దారం ఉబ్బదు, కన్నం కన్నంలానే ఉండిపోతుంది.

రెండో వానకు పడుకునే ముందే తాళ్లు ఒక పట్టు వదులు చేశాను. వాన జోరుగానే వచ్చింది. తాళ్లు బిగుసుకున్నాయి, మేకులు కదల్లేదు. అరగంట గడిచింది. తమ్ముడికి నిద్ర పట్టలేదు.

"అన్నయ్యా, వేలు పెట్టి చూడనా?"

"వద్దురా."

పెట్టేశాడు. కాసేపటికి సరిగ్గా అక్కడే ఒక చుక్క. వాడే ఆ చుక్క మీద వేలు ఆనించి గోడ వెంట నేల దాకా గీత గీశాడు. నీళ్లు ఆ గీత వెంటే జారి అంచు కిందికి పోయాయి. వాడికి ఆ కిటుకు ఎవరు చెప్పారో అడిగేలోపే గురక.

మేం తిరిగొచ్చి రెండు రోజులైంది, డేరా ఇంకా దండెం మీదే ఉంది. పైకి ఆరినట్టే ఉంటుంది, కుట్ల దగ్గర బుగ్గ ఆనిస్తే చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం పోయేదాకా మడత పెట్టను.